ఇంత చిన్న ఊరికి అంత పెద్ద ప్రాకారం ఎందుకు? (అథెన్‌రై, ఐర్లాండ్)

ప్రశ్న అడిగినాయన గాల్వేలో మాస్టర్స్ చేస్తున్నారట, ఆదివారం ట్రైనెక్కి పక్కనే ఉన్న అథెన్‌రై వెళ్ళొచ్చారట. ఊరు చూస్తే నాలుగు వీధులు, ప్రాకారం చూస్తే రాజధానికి కట్టినంత ఉంది, పైగా గోడ లోపల కూడా గడ్డి పొలాలే, గొర్రెలే, ఇదెక్కడి లెక్క, అసలిది ఎవరి రాజధాని, శత్రువులెవరు అని అడిగారు. మంచి ప్రశ్న, ఎందుకంటే చాలామంది ఆ గొర్రెల ఫోటో తీసుకుని వచ్చేస్తారు గానీ అవి గోడకి లోపలెందుకు ఉన్నాయని అడగరు.

సూటిగా చెప్పాలంటే: అది రాజధాని కాదు, సంత ఊరు. గోడ యుద్ధం కోసం ఎంత కట్టారో సుంకం వసూలు కోసం కూడా అంతే కట్టారు. అది ఇవాళ్టికీ నిలబడి ఉందంటే ఊరు గొప్పదై కాదు, ఊరు ఎదగలేదు కాబట్టి. ఈ మూడో ముక్క విని అక్కడి వాళ్ళే కొందరు నా మీద అలిగారు, కానీ నా మాట అదే.

నేనెవరంటే, సివిల్ చదివి ఇక్కడికొచ్చి పాత రాతి కట్టడాల రిపేర్ల వైపు వెళ్ళిపోయినవాణ్ణి, 14 ఏళ్ళుగా ఐర్లాండ్ పడమటి జిల్లాల్లో సున్నం, రాయి, ఐవీ తీగ వీటితోనే నా బతుకు. హిస్టరీ ప్రొఫెసర్ని కాదు. గోడ దగ్గర నిలబడి "ఇది ఇలా ఎందుకుంది" అనుకుంటూ నేర్చుకున్నదే ఎక్కువ.

ముందు పేరు. అథీన్రీ కాదండీ, అథెన్‌రై, చివర "రై" మీద ఒత్తు. ఐరిష్‌లో ఆ ఊరి పేరుకి అర్థం "రాజు రేవు ఊరు", నది దాటే రేవు అన్నమాట, మన తాళ్ళరేవులో రేవు లాంటిదే. క్లారిన్ అని చిన్న ఏరు ఉంది, వంతెన మీద నిలబడి చూస్తే ఇదా నది అనిపిస్తుంది. ఐరిష్‌లో రాజుని "రీ" అంటారు, మన "రాజు" కి మూలమైన సంస్కృత మాట, ఇదీ ఒకే వేరు నుంచి వచ్చినవే, అది తెలిసినప్పటి నుంచి ఆ బోర్డు చూసిన ప్రతిసారీ నాకు ఏదో చుట్టరికం ఉన్నట్టుంటుంది.

ఇక కథ. నార్మన్‌లు (ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచినవాళ్ళు) ఇంగ్లండ్, వేల్స్ వైపు నుంచి ఐర్లాండ్‌లో దిగింది 1169లో. పడమటి ప్రాంతం కానాట్ మాత్రం చాలా ఏళ్ళు ఐరిష్ రాజుల చేతిలోనే, ఓ'కానర్ వంశం చేతిలోనే ఉంది. 1235లో రిచర్డ్ డి బర్గ్ అనే నార్మన్ దొర పెద్ద సైన్యంతో వచ్చి కానాట్ గెలుచుకున్నాడు, గెలిచిన నేలని తన వాళ్ళకి పంచాడు, అలా ఈ రేవు దగ్గరి భూమి డి బర్మింగ్‌హమ్ కుటుంబానికి వచ్చింది. మెయ్లర్ డి బర్మింగ్‌హమ్ ఇక్కడ కాజిల్ కట్టడం మొదలెట్టాడు, 1241లో డొమినికన్‌లనే క్రైస్తవ సన్యాసులకి మఠం పెట్టించాడు. మీరు టికెట్ కొని ఎక్కిన ఆ బండ గోపురం ఆ కాజిలే. తలుపు నేల మీద కాకుండా మొదటి అంతస్తులో ఉంది చూశారా? కింద సామాన్ల కొట్టు, పైన దొర హాలు. దాడి జరిగితే మెట్లు తీసేస్తే చాలు అని అంత ఎత్తులో పెట్టారు. ఆ తలుపు చుట్టూ ఆకుల చెక్కడం ఉంటుంది, మళ్ళీ వెళ్తే చూడండి, యుద్ధం కోసం కట్టిన దాంట్లో అంత నగిషీ పని ఎందుకో నాకైతే ముచ్చటేస్తుంది.

మఠం గురించి ఒక మాట. కట్టించింది నార్మన్ దొరే, కానీ దాని రికార్డు ప్రకారం భోజనశాల కట్టించింది ఫెలిమ్ ఓ'కానర్, అంటే భూమి పోగొట్టుకున్న కానాట్ రాజే! మిగతా గదులకి కూడా ఐరిష్ దొరలు డబ్బులిచ్చారు. అందుకే "గోడ లోపల ఇంగ్లిష్ వాళ్ళు, బయట ఐరిష్ వాళ్ళు, ఎప్పుడూ కొట్టుకునేవాళ్ళు" అని గైడ్లు చెప్పే సింపుల్ కథ నమ్మకండి. కొట్టుకున్నారు, నిజమే, కానీ ఒకే గుడికి చందాలేసుకున్నారు, ఒకే సంతలో బేరాలాడారు, పెళ్ళిళ్ళు కూడా చేసుకున్నారు. డి బర్గ్‌లు రెండు మూడు తరాల్లో ఐరిష్ మాట్లాడే బర్క్‌లైపోయారు, వాళ్ళతోనే తర్వాత ఈ ఊరికి అసలు గండం వచ్చింది, దానికి వస్తా.

సంత అంటే డబ్బు. దొర ఊరు ఎందుకు పెడతాడు? ఖాళీ నేల మీద పశువులు తిరిగితే వచ్చేది తక్కువ. అదే నేలని పొడవాటి సన్న స్థలాలుగా కొట్టి, వీధి వైపు కొట్టు, వెనక పెరడు వచ్చేలా, వలస వచ్చిన వాళ్ళకి ఇస్తే (ఆ రోజుల్లో మామూలు రేటు స్థలానికి ఏడాదికి 12 పెన్నీలు) అద్దె వస్తుంది, సంతలో సుంకం వస్తుంది, తగాదాలొస్తే కోర్టు జరిమానా కూడా దొరకే. కౌంటీలోని (మన జిల్లా లాంటిది) ఉన్ని, తోళ్ళు, పశువులు అక్కడికి రావాలి, వైన్, ఉప్పు, ఇనుము అక్కడి నుంచి వెళ్ళాలి. గోడ ఉంటే ద్వారాలు నాలుగైదే ఉంటాయి, ద్వారం దగ్గర మనిషిని కూర్చోబెడితే బండి తప్పించుకోలేదు. మన టోల్ గేట్ అన్నమాట, ఫాస్టాగ్ ఒక్కటే తక్కువ.

గోడ కట్టడానికి డబ్బు కూడా ఆ బండ్ల నుంచే. ఆ గోడ సుంకాన్ని మ్యూరేజ్ అనేవాళ్ళు. రాజు దగ్గర పర్మిషన్ తీసుకుని, ఇన్నేళ్ళ పాటు సంతకొచ్చే ప్రతి సరుకు మీద పెన్నీయో అర పెన్నీయో వసూలు చేసి గోడకే ఖర్చు పెట్టాలి. అథెన్‌రైకి ఈ పర్మిషన్ 1310లో వచ్చింది. అంటే రైతు తన ఆవుని అమ్ముకోడానికొచ్చి, తనని ఆపే గోడకి తనే డబ్బు కట్టేవాడు. ఇది ఒక్క అథెన్‌రై వింత కాదు. ఆగ్నేయంలో న్యూ రాస్ అనే ఊళ్ళో 1265లో జనమే చుట్టూ కందకం తవ్వుకున్నారు, ఆ సంగతి నార్మన్ ఫ్రెంచ్‌లో ఒక పద్యంగా మిగిలింది. వారంలో ఒక్కో రోజు ఒక్కో వృత్తి వాళ్ళు, వైన్ వ్యాపారులు ఒకరోజు, దర్జీలు ఒకరోజు, రొట్టెల వాళ్ళు ఒకరోజు, జెండాలు పట్టుకుని పాటలు పాడుకుంటూ వెళ్ళి తవ్వేవాళ్ళట, ఆదివారం ఆడవాళ్ళు రాళ్ళు మోసేవాళ్ళట. దగ్గర్లో ఇద్దరు నార్మన్ దొరలు కొట్టుకుంటున్నారు, ఆ మంట మన మీదికి రాకూడదని భయం. శత్రువంటే ఎప్పుడూ ఐరిష్ వాళ్ళే కాదు, గమనించండి.

ఇక మీరడిగిన శత్రువుల సంగతి, అంటే యుద్ధం. స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్ తమ్ముడు ఎడ్వర్డ్ బ్రూస్ 1315లో ఐర్లాండ్‌లో దిగి నేనే రాజునన్నాడు, దేశమంతా కలకలం, దానికి తోడు కరువు. ఆ సందులో కానాట్ రాజు ఫెలిమ్ (భోజనశాల ఫెలిమ్ కాదు, అదే వంశంలో కొన్ని తరాల తర్వాతి వాడు, 23 ఏళ్ళ కుర్రాడు) చాలామంది ఐరిష్ రాజుల్ని కూడగట్టి నార్మన్‌ల మీదికొచ్చాడు. 1316 ఆగస్టు 10న అథెన్‌రై దగ్గర యుద్ధం. అవతల విలియం లియాత్ డి బర్గ్, రిచర్డ్ డి బర్మింగ్‌హమ్. కవచాలు, విలుకాళ్ళు నార్మన్‌ల వైపు. ఫెలిమ్ చచ్చిపోయాడు, ఊయ్ మానీ అనే ఐరిష్ రాజ్యానికి రాజు టైగ్ ఓ'కెల్లీ చచ్చిపోయాడు, ఇంకా లెక్కలేనంతమంది చచ్చిపోయారు. కానాట్‌లో ఓ'కానర్ల బలం మళ్ళీ కోలుకోలేదు. ఒక ఫెలిమ్ కట్టించిన భోజనశాల ఉన్న ఊరి దగ్గరే అదే వంశంలో ఇంకో ఫెలిమ్ చచ్చిపోవడం, ఎవరైనా కల్పించి చెప్తే మరీ సినిమాటిక్‌గా ఉందంటాం.

ఊరి పాత ముద్ర ఒకటుంది, సీల్, దాని మీద ద్వారం బొమ్మ, ద్వారం పైన బల్లేలకి గుచ్చిన తలలు. అవి ఫెలిమ్, టైగ్‌ల తలలేనని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. వ్యాపారం కాగితాల మీద కొట్టే ముద్రండీ అది! మనం స్వస్తిక్, లక్ష్మీదేవి బొమ్మ వేస్తాం, వీళ్ళు తెగిన తలలు వేసుకున్నారు.

యుద్ధంలో దొరికిన ఆయుధాలు, కవచాలు అమ్మిన డబ్బుతో గోడ కట్టారని ఊళ్ళో ప్రతివాళ్ళూ చెప్తారు. బాగుంటుంది కథ. కానీ సుంకం పర్మిషన్ 1310 నాటిది, యుద్ధం 1316, అంటే గోడ ఆలోచన ముందే మొదలైంది, లూటీ డబ్బు తోడై ఉండొచ్చు. నాకు కథ కంటే అర పెన్నీలే ఎక్కువ నచ్చుతాయి.

అసలు గొడవ ఇక్కడే. గోడ గీసినవాళ్ళు రాబోయే ఊరిని ఊహించుకుని గీశారు. ఇప్పుడు మా వైపు వెంచర్లు వేసేవాళ్ళు 200 ప్లాట్లకి కాంపౌండ్ కట్టి, ఆర్చి నిలబెట్టి, లోపల పది ఇళ్ళు కూడా లేవకపోతే ఎలా ఉంటుందో అలా. జనం గోడ నిండా ఎప్పుడూ నిండలేదు. మీరు చూసిన గొర్రెల పొలాల్లో ఊరు కూలిపోయినవీ ఉన్నాయి, అసలెప్పుడూ ఇల్లు లేవనివీ ఉన్నాయి.

నిండకపోగా 1570ల్లో ఉన్నదీ పోయింది. క్లాన్‌రికార్డ్ ఎర్ల్ (ఎర్ల్ అంటే పెద్ద దొర బిరుదు), అంటే ఆ పాత డి బర్గ్ వంశమే, ఆయన కొడుకులు ఇంగ్లిష్ పాలన మీద తిరగబడి ఊరిని తగలబెట్టారు. ఎలిజబెత్ రాణి తరఫున ఐర్లాండ్‌ని ఏలుతున్న సర్ హెన్రీ సిడ్నీ 1576లో వచ్చి చూసి రాసిన ఉత్తరం చదివితే గుండె కలుక్కుమంటుంది. ఒకప్పుడు 300 మంచి కుటుంబాలుండేవి, నేను ఈ దేశం ఎరిగాక 20 ఉండేవి, ఇప్పుడు నాలుగే, అవీ పేదవి, అవీ లేచిపోడానికి సిద్ధంగా ఉన్నాయి అని. జనం "కాపాడండి, కాపాడండి" అని ఏడుస్తూ ఎదురొచ్చారట. సరే మళ్ళీ కట్టండి అని సిడ్నీ ఆర్డరిచ్చాడు, పని మొదలైంది, ఆయన వెళ్ళగానే ఆ కొడుకులు మళ్ళీ వచ్చి కొత్త ద్వారాలు కాల్చేసి మేస్త్రీల్నీ కూలీల్నీ తరిమికొట్టారు. (ఈ లైను దగ్గర మా సైటు వాళ్ళంతా నవ్వుతారు, ఎన్ని వందల ఏళ్ళైనా మేస్త్రీ బతుకు ఇంతే అని.) ఇంకోటి, వాళ్ళు కాల్చిన చర్చిలోనే ఆ కొడుకుల్లో ఒకడి తల్లి సమాధి ఉంది. అదే ఎవరో గుర్తు చేస్తే, మా అమ్మ బతికి ఆ చర్చిలో ఉన్నా సరే, ఇంగ్లిష్ వాళ్ళు అక్కడ కోట కట్టుకోవడం కంటే ఆమెతో సహా తగలబెడతానన్నాడని సిడ్నీ రాశాడు. శత్రువు రాసిన మాట కాబట్టి కొంచెం ఉప్పూకారం తగ్గించుకుని చదవండి.

ఇరవై ఏళ్ళు తిరిగేసరికి 1597 జనవరిలో ఉత్తరాన్నుంచి రెడ్ హ్యూ ఓ'డొనెల్ అనే ఐరిష్ దొర, ఇంగ్లిష్ వాళ్ళ మీద తిరగబడ్డవాడు, వచ్చాడు. ద్వారాలకి నిప్పు పెట్టి, నిచ్చెనలేసి గోడెక్కి, ఊరు దోచుకుపోయాడు. గోడ ఉందిగా మరి? ఉంది. కానీ గోడని కాపలా కాయడానికి మనుషులు కావాలి. 300 కుటుంబాలు కాసే గోడని నాలుగు కుటుంబాలు కాయలేవు. ఎంత పెద్ద గోడ అయితే అంత బలహీనం అయిపోయింది, చిన్నది కట్టుకుని ఉంటే బాగుండేది. అక్కణ్ణుంచి ఓ'డొనెల్ గాల్వే వెళ్ళాడు, వాళ్ళు తలుపు తియ్యలేదు, తిరిగి వెళ్ళిపోయాడు. తేడా అక్కడే ఉంది. గాల్వేకి సముద్రం ఉంది, స్పెయిన్, పోర్చుగల్ నుంచి వైన్ ఓడలొస్తాయి, డబ్బుంది, జనముంది. అథెన్‌రై భూమి మధ్యలో ఉంది, గాల్వేకి 20 కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఉన్ని, తోళ్ళు అటే వెళ్ళిపోయాయి.

మరి బాగుపడిన గాల్వే గోడ ఏమైంది? మీరు అక్కడే ఉంటున్నారుగా, ఐర్ స్క్వేర్ పక్కన షాపింగ్ సెంటర్ లోపల, బట్టల కొట్ల మధ్యలో ఒక రాతి ముక్క, బురుజులు కనిపిస్తాయి, దాని పక్కన కూర్చుని జనం కాఫీ తాగుతుంటారు, మీరూ తాగే ఉంటారు. ఇంకో ముక్క స్పానిష్ ఆర్చ్. అంతే మిగిలింది. ఊరు పెరిగింది, గోడ అడ్డమొచ్చింది, పీకేశారు, ఆ రాళ్ళతో ఇళ్ళు కట్టుకున్నారు. అథెన్‌రైలో పీకాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, అందుకే మూడింట రెండొంతులకి పైగా గోడ ఇంకా నిలబడి ఉంది, ఉత్తర ద్వారం కింద నుంచి కార్లు పోతున్నాయి. ప్రతి ఊరికీ ఇదే సూత్రం పెట్టకండి సుమా. టిప్పరరీ కౌంటీలో ఫెథర్డ్ అనే ఊరి గోడ ఇంకా దాదాపు పూర్తిగా ఉంది, 1650లో ఇంగ్లిష్ సేనాని క్రామ్‌వెల్ వస్తే వాళ్ళు మంచి షరతులు మాట్లాడుకుని లొంగిపోయారు, ఫిరంగి దెబ్బ తగల్లేదు, అది ఇంకో రకం అదృష్టం.

చచ్చిన ఊరికి ఓటు మాత్రం బతికే ఉంది, ఇది నాకు భలే నచ్చే ముక్క. అథెన్‌రై 1800 దాకా డబ్లిన్ పార్లమెంటుకి ఇద్దరు ఎంపీల్ని పంపేది. ఊరంతా ఒక భూస్వామి కుటుంబం చేతిలో, బ్లేక్‌నీలు. ఐర్లాండ్‌ని బ్రిటన్‌తో కలిపేసిన యూనియన్ చట్టంతో ఇలాంటి సీట్లు రద్దు చేసినప్పుడు సీట్లు "నావి" అనుకున్న దొరలకి ఒక్కో ఊరికి 15,000 పౌండ్ల లెక్కన నష్టపరిహారమిచ్చారు. ఓటర్లకి కాదు, దొరలకి.

ఇక రైలు 1851లో వచ్చింది, 1840ల్లో మొదలైన బంగాళాదుంపల కరువు ఇంకా పూర్తిగా తీరకముందే. ఆ కరువు మీద రాసి, ఇప్పుడు స్టేడియాల్లో పాడే "ద ఫీల్డ్స్ ఆఫ్ అథెన్‌రై" పాట వల్ల ఇవాళ ఊరి పేరు అందరికీ తెలుసు, పాట మాత్రం 1979 నాటిది. మన ఐటీ వాళ్ళకి ఊరి పేరు ఇంకో రకంగా తెలిసుంటుంది: 2015లో యాపిల్ 850 మిలియన్ యూరోలతో డేటా సెంటర్ పెడతామంది ఊరి బయట అడవి దగ్గర, పర్మిషన్లు, అభ్యంతరాలు, కోర్టులు అయ్యాక 2018 మేలో వద్దనుకుని వెళ్ళిపోయింది. అప్పట్లో అక్కడ ఇల్లు కొనుక్కుందామనుకున్న ఫ్రెండ్ ఒకడు ఇప్పటికీ నన్ను తిడతాడు, నేనే సలహా ఇచ్చా మరి.

గోడ దగ్గర ఏం చూడాలో నా పని వైపు నుంచి చెప్తా. గోడ అంతా గట్టి రాయి కాదు, రెండు వైపులా సున్నపురాయి పేర్చి, మధ్యలో చిన్న రాళ్ళూ సున్నమూ కలిపి పోసింది. నీళ్ళు లోపలికి దిగితే పొట్ట ఉబ్బుతుంది, ఉబ్బితే పడుతుంది. మొదట్లో ఒక కౌంటీలో (ఇక్కడ కాదు) ఒక గోడ చూశా, ముందు వచ్చిన కాంట్రాక్టర్ సందులన్నీ సిమెంటుతో నింపేశాడు, చూడ్డానికి నీట్‌గా ఉంది, రెండు చలికాలాలకి తడి బయటికి పోలేక రాళ్ళ ముఖాలు పెచ్చులూడిపోయాయి. అది గీకి తీయడానికి మాకు ఎనిమిది వారాలు పట్టింది, ఉలితో, చేత్తో. సున్నం తడిని పీల్చి వదుల్తుంది. మా తాతగారింటి గానుగ సున్నం గోడలు వానాకాలంలో తేమగా ఉండి ఎండ రాగానే ఆరిపోయేవి, ఆ విషయం ఇక్కడి ట్రైనింగ్‌లో ఎవరో చార్ట్ వేసి చెప్తుంటే నవ్వొచ్చింది. ఐవీ కూడా పచ్చగా ఉందని మురిసిపోకండి, వేళ్ళు సందుల్లోకి వెళ్తాయి, కానీ ఒక్కసారిగా పీకినా ప్రమాదమే, కొన్ని చోట్ల గోడని పట్టుకుని నిలబెడుతోంది ఆ తీగే.

సంత శిలువ మీరు మిస్సయ్యారనుకుంటా, ప్రశ్నలో రాయలేదు. ఊరి మధ్యలో మెట్ల మీద చిన్న రాతి శిలువ పైభాగం ఉంటుంది, 15వ శతాబ్దం చివరిది, ఒకవైపు శిలువ మీద క్రీస్తు, ఇంకోవైపు బిడ్డతో మరియమ్మ, అరిగిపోయి ఉంటాయి. మధ్యయుగపు సంత శిలువల్లో పెట్టిన చోటే ఇంకా ఉన్నది ఐర్లాండ్‌లో ఇదొక్కటే. కాజిల్ కంటే నాకు అదే ముఖ్యం, ఎందుకంటే ఊరు పుట్టిందే ఆ సంత కోసం. దాని చుట్టూ ఇప్పుడు కార్లు పార్క్ చేస్తారు.

కాజిల్ చలికాలంలో మూసేస్తారు, వెళ్ళే ముందు టైమింగ్స్ చూసుకోండి. గోడ మాత్రం నవంబర్ నుంచి మార్చి మధ్యలోనే బాగా కనిపిస్తుంది, ఆకులు రాలి ఉంటాయి కాబట్టి. గోడెక్కకండి, చాలాచోట్ల పై వరస వదులుగా ఉంది, పొలాలు ప్రైవేటువి, గేటు తీస్తే మళ్ళీ వెయ్యండి. ఇంకోటి, మీ ఫ్రెండ్ మెటల్ డిటెక్టర్ పట్టుకొస్తానన్నాడని రాశారు చూడండి, వద్దని చెప్పండి, ఐర్లాండ్‌లో లైసెన్స్ లేకుండా పురాతన వస్తువుల కోసం దాంతో వెతకడం నేరం, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ తలనొప్పి అస్సలు వద్దు.